హెక్టర్ పరుగెత్తిన గోడ చుట్టూ

టర్కీలోని చనాక్కలే ఊళ్లో సముద్రపు ఒడ్డున పెద్ద గుర్రం ఒకటి నిలబడి ఉంటుంది. ట్రాయ్ యుద్ధం మీద 2004లో వచ్చిన హాలీవుడ్ సినిమా కోసం చేసిన గుర్రమది. షూటింగు అయ్యాక ఇక్కడికి చేరింది. దాని కాళ్ల దగ్గర ఐస్‌క్రీం తింటూ ఫొటోలు దిగేవాళ్లకు లోటు లేదు. మా అబ్బాయీ దిగాడు.

"అమ్మా, ఇలియడ్‌లో ఈ గుర్రం ఎక్కడ వస్తుంది?" అన్నాడు.

"రాదు."

నమ్మలేదు. గ్రీకులకూ ట్రాయ్‌కీ జరిగిన యుద్ధం మీద గ్రీకు కవి హోమర్ చెప్పిన కావ్యం ఇలియడ్. ఇరవై నాలుగు సర్గలు, పదిహేను వేల పైచిలుకు పాదాలు. అంత కావ్యంలో గుర్రమూ లేదు, ట్రాయ్ తగలబడటమూ లేదు, గ్రీకు యోధుడు అకిలిస్ మడమకు బాణం తగలడమూ లేదు. గ్రీకులు చెక్క గుర్రంలో దాక్కుని ట్రాయ్‌లోకి దూరిన ముచ్చట హోమర్‌దే మరో కావ్యం ఒడిస్సీలోది, అదీ పాత్రలు గుర్తు చేసుకుని చెప్పుకునేదే. ఇలియడ్ అంతా పదో ఏటి యుద్ధంలో కొన్ని వారాల కథ. గ్రీకులో దాని మొట్టమొదటి మాటకు అర్థం కోపం. తనకు దక్కిన బందీ బ్రైసియిస్‌ను గ్రీకుల సేనాని అగమెమ్నాన్ లాక్కున్నాడని అకిలిస్ అలిగి, గుడారంలో కూర్చుని, సొంతవాళ్లు ఓడిపోవాలని తల్లి చేత దేవుళ్లకు సిఫారసు చేయించుకుంటాడు. కథానాయకుడు అలా మొదలవుతాడు.

"అయితే మనం ఏం చూడబోతున్నాం?"

"గోడ" అన్నాను.

నేను పాతికేళ్లు చరిత్ర పాఠాలు చెప్పి విరమించుకున్న టీచరును. వాడు జర్మనీలో చదువుకుంటున్నాడు. కిందటి ఏప్రిల్ చివర వాడికి సెలవులు దొరికితే నేను విజయవాడ నుంచి బయల్దేరాను, ఇస్తాంబుల్‌లో కలుసుకున్నాం. అక్కడి నుంచి బస్సులో వంతెన మీదుగా డార్డనెల్స్ జలసంధి దాటాం. 2022లో తెరిచిన ఆ వంతెనకు రెండు స్తంభాల మధ్య దూరం 2023 మీటర్లు. టర్కీ గణతంత్రానికి నూరేళ్లు నిండే ఏడాదిని అలా వంతెనలో దాచారట. క్యాలెండరు చూసి వంతెన కొలత నిర్ణయించే జనం నాకు నచ్చారు.

చనాక్కలేలో వాగు వంతెన కింద నుంచి చిన్న బస్సులు బయల్దేరతాయి. దోల్ముష్ అంటారు. ముప్ఫై కిలోమీటర్లు పొలాల మధ్య సాగి, తెవ్‌ఫికియే అనే పల్లె దాటాక దింపేశాడు. ఎదురుగా హిసార్లిక్ దిబ్బ.

చిన్నది. ఎంత చిన్నదంటే, నేను ముందు అది ట్రాయ్ అనుకోలేదు, ట్రాయ్‌కి దారి చూపే గుట్ట అనుకున్నాను. కొండపల్లి ఖిల్లా ఎక్కి చూసిన కళ్లకు ఇది ఆనదు. గాలి మాత్రం ఆనింది. హోమర్ ఈ ఊరికి గాలి ఊరని విశేషణం తగిలించాడు. అది అలంకారం కాదని ఐదు నిమిషాల్లో తెలిసిపోయింది. నా చున్నీ తలమీద నిలవలేదు. గ్రీకుల ఓడలు నిలిచిన సముద్రం కోసం చూస్తే పొలాలు కనిపించాయి. ఒకప్పుడు ఆ మైదానంలోకి సముద్రం చొచ్చుకు వచ్చి ఉండేది. స్కమాండర్ నది వేల ఏళ్లు మట్టి తెచ్చి పోసి దాన్ని పూడ్చేసింది.

దిబ్బలో ఒక ఊరి మీద ఒకటిగా తొమ్మిది ఊళ్ల పొరలున్నాయి. నడుమ పెద్ద కత్తిగాటులా ఒక కందకం. అది ట్రాయ్‌ని వెతుక్కుంటూ వచ్చిన జర్మన్ ష్లీమన్ చేసిన పని. హోమర్ చెప్పిన ట్రాయ్ అట్టడుగునే ఉంటుందని నమ్మి, 1871 నుంచి రెండేళ్ల పాటు పై పొరలను తవ్వి పారబోయించాడు. 1873లో దొరికిన బంగారాన్ని కావ్యంలోని ట్రాయ్ రాజు ప్రియామ్ నిధి అని లోకానికి చాటాడు. అది ప్రియామ్ కాలానికి వెయ్యేళ్లకు పైగా పాతది. తను వెతికినదాన్ని చెత్త కింద లెక్కగట్టి కొంత తవ్వేసుకున్నాడన్నమాట. నగలు దొంగచాటుగా దేశం దాటించాడు. అవి దొరికినప్పుడు భార్య పక్కనే ఉందని రాశాడు, ఆమె అప్పుడు ఏథెన్స్‌లో ఉంది. అసలు ఈ దిబ్బను తవ్వమని చెప్పిన ఫ్రాంక్ కల్వర్ట్ పేరు వెనక్కి నెట్టేశాడు. అంత చేసినా, ఆయన మొండితనం లేకపోతే నేను ఆ గాలిలో నిలబడి ఉండేదాన్ని కాదు. ఎంత తిట్టుకున్నా ఆ మాట ఒప్పుకోక తప్పదు.

తూర్పు వైపు ఆరో పొర గోడ ఉంది. సున్నపురాతి దిమ్మలు, సందులేకుండా పేర్చినవి. కింద వెడల్పుగా మొదలై లోపలికి వాలుతూ పైకి పోతుంది. అరచేయి ఆనించాను. ఎండకు వెచ్చగా ఉంది. ఈ వాలు చూశాక, అకిలిస్ స్నేహితుడు పాట్రోక్లస్ మూడుసార్లు కోటగోడ మూలన ఎగబాకాడని కావ్యంలో ఉన్నది కాస్త నమ్మబుద్ధయింది. మావాడు ఒక కాలు ఎత్తి, కాపలా మనిషి వంక చూసి దించేశాడు.

గోడ మొదట్లో గసగసాల జాతి ఎర్రపూలు, గాలికి తలలు వాల్చి ఉన్నాయి. ఎనిమిదో సర్గలో ట్రాయ్ యువరాజు హెక్టర్ కోసం వేసిన బాణం గురితప్పి అతని తమ్ముడికి తగులుతుంది. గింజల బరువుకూ వానకూ ఒరిగిన గసగసాల పువ్వులా ఆ పిల్లవాడి తల వాలిపోయిందంటాడు హోమర్. ఆ పోలిక చదివి ముప్ఫై ఏళ్లయింది. పువ్వు ఇప్పుడు చూశాను.

ఈ కోటగోడ చుట్టుకొలత సుమారు 550 మీటర్లు. కోట కింద ఇంకా విశాలమైన ఊరుండేదని తర్వాతి తవ్వకాల్లో తేలింది. అయినా కోటను మాత్రమే లెక్కపెట్టుకుని, దారి ఉన్నంత మేర చుట్టూ నడిచాం.

"హెక్టర్ దీని చుట్టూ మూడుసార్లు పరుగెత్తాడు, అకిలిస్ వెంటపడితే" అన్నాను.

"పారిపోయాడా?" వాడి గొంతులో నిరాశ. సినిమాలో ఎదురు నిలబడి పోరాడాడట.

అవును, పారిపోయాడు. అంతకుముందు రాత్రి తోటి ట్రాయ్ యోధుడు పోలిడమస్ చెప్పాడు, అకిలిస్ మళ్లీ దిగాడు, సైన్యాన్ని కోటలోకి తీసుకుపోదామని. గెలుపు మీదున్న హెక్టర్ వినలేదు. మర్నాడు బోలెడంత మంది చచ్చారు. అందరూ లోపలికి పోయాక ఒక్కడే తలుపు బయట మిగిలాడు. గోడమీద నుంచి తండ్రి ప్రియామ్ జుట్టు పీక్కుంటూ పిలిచాడు. తల్లి రొమ్ము చూపించి, ఈ పాలు తాగావు కదా, లోపలికి రా అని ఏడ్చింది. వెళ్లలేదు. ధైర్యం వల్ల కాదు, మొహం చెల్లక. పోలిడమస్ ఏమంటాడో, తన మొండితనానికి ఊరు బలైందని జనం ఏమంటారో అని. డాలు కింద పెట్టి రాజీ మాట్లాడితే ఎలా ఉంటుందని కూడా లోలోపల లెక్కలు వేసుకున్నాడు. అకిలిస్ దగ్గరకొచ్చేసరికి వణుకు పుట్టింది, పరుగు లంకించుకున్నాడు. ట్రాయ్ ఆడవాళ్లు శాంతికాలంలో బట్టలుతికిన ఊటల పక్క నుంచి పరుగెత్తాడు. కలలో తరిమేవాడు అందుకోలేడు, పారిపోయేవాడు తప్పించుకోలేడు, అలా ఉందంటాడు హోమర్. లోపల ఆండ్రోమకీకి ఇవేమీ తెలియవు. మగడు వస్తే స్నానానికి నీళ్లు కాచమని చెబుతోంది.

మన భారతంలో యుద్ధం నుంచి పరుగెత్తిన వాడంటే ఉత్తర కుమారుడే గుర్తొస్తాడు. చెప్పుకుని నవ్వుకుంటాం. హెక్టర్ పరుగు చదువుతూ నేను ఎన్నడూ నవ్వలేదు. క్లాసులో చదివి వినిపించినప్పుడు పిల్లలూ నవ్వలేదు.

మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ తల్లి నిలబడింది ఏ వైపు గోడమీద?" అని అడిగాడు.

దిబ్బకు దగ్గర్లోనే 2018లో తెరిచిన మ్యూజియం ఉంది. పొలాల మధ్య తుప్పు రంగు ఇనుప పెట్టెలా ఉంటుంది. అన్నీ చూడటానికి ఓపిక లేదు, నేను వచ్చింది ఒక పాలరాతి శవపేటిక కోసం. 1994లో ఇదే జిల్లాలో ఒక మట్టిదిబ్బ కింద దొరికింది. సుమారు రెండువేల ఐదువందల ఏళ్ల నాటిది. ప్రియామ్ కూతురు పోలిక్సినాను ముగ్గురు మగవాళ్లు దుంగలా అడ్డంగా ఎత్తి పట్టుకున్నారు. అకిలిస్ కొడుకు ఆమె గొంతులో కత్తి దింపుతున్నాడు, చనిపోయిన తండ్రి సమాధికి బలిగా. పక్కన ఆడవాళ్లు జుట్టు పట్టుకుని ఏడుస్తున్నారు. నేను చాలాసేపు చూసింది ఆ అమ్మాయి పాదాలను. ఇదీ ఇలియడ్‌లో లేని కథే. చూశాక మాత్రం అకిలిస్ పేరు ముందు వీరుడు అనే మాట పెట్టడానికి నోరు రాలేదు.

బయట టీ తాగుతుంటే వాడే అడిగాడు, ఇంతకీ ఇలియడ్ ఎలా ముగుస్తుందని. చెప్పాను. ముసలి ప్రియామ్ రాత్రివేళ శత్రువు గుడారానికి వెళ్లి, కొడుకుల్ని చంపిన చేతుల్ని ముద్దు పెట్టుకుంటాడు. హెక్టర్ శవం ఇమ్మంటాడు. అకిలిస్‌కు ఊళ్లో ఉన్న తన తండ్రి గుర్తొస్తాడు. ఇద్దరూ ఏడుస్తారు. అంతలోనే ముసలాయన తొందరపెడితే అకిలిస్ కళ్లెర్రజేస్తాడు, నాకు కోపం తెప్పించకు, ఏం చేస్తానో నాకే తెలియదంటాడు. శవాన్ని చాటుగా కడిగిస్తాడు. తండ్రి చూసి ఆగలేక అరిస్తే తాను ఆగలేక ఆయనను చంపేస్తానేమోనని భయం. తన మీద తనకే నమ్మకం లేదు.

"కర్మకాండకు ఎన్నాళ్లు కావాలి, అన్నాళ్లూ యుద్ధం ఆపిస్తానని అడుగుతాడు" అన్నాను. "తొమ్మిది రోజులు ఇంట్లో ఏడుస్తాం, పదో రోజు దహనం, పదకొండో రోజు సమాధి అని ప్రియామ్ లెక్క చెబుతాడు."

"పన్నెండో రోజు?"

"తప్పదంటే మళ్లీ యుద్ధం."

దోల్ముష్ వచ్చింది. కిటికీ పక్క సీటు వాడు నాకు వదిలేశాడు, దిబ్బ వైపుది.