నోరు లేని గింజ

ఎడిసన్ నుంచి న్యూయార్క్ పెన్ స్టేషన్‌కి రైల్లో దాదాపు గంట. అక్కణ్ణుంచి హెరాల్డ్ స్క్వేర్ దాకా నడిచి డి ట్రైన్ ఎక్కితే బ్రూక్లిన్‌లోని బరో పార్క్. దారంతా పరామర్శకి రెండు ముక్కలు బట్టీ పడుతూనే ఉన్నాను. ఆఫీసులో నా పక్క సీటతని తల్లి పోయింది. వాళ్ళు ఆచారం గట్టిగా పాటించే యూదులు.

"శనివారం వద్దు, సబ్బాతు, వాళ్ళ విశ్రాంతి దినం. ఆదివారం వెళ్ళు. పూలు మాత్రం తీసుకెళ్ళకు" అని ఇంకో కొలీగ్ ముందే చెప్పింది. తినేవి తీసుకెళ్తే కోషర్ కొట్లో, అంటే వాళ్ళ ఆహార నియమాలు పాటించే కొట్లో, సీలు వేసినవే ఉండాలట. స్టేషన్ దగ్గరి బేకరీలో ఒక డబ్బా కొన్నాను.

తలుపు దగ్గరగా వేసి ఉంది. బెల్ కొట్టబోతుంటే వెనక వస్తున్న పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టి, తలుపు నెట్టుకుని లోపలికి నడిచాడు. దుఃఖంలో ఉన్నవాళ్ళు లేచొచ్చి తలుపు తీయకూడదు కదా!

హాల్లో అద్దం మీద దుప్పటి. ఏడు రోజులు వెలిగే కొవ్వొత్తి. మా వాడు పొట్టి కుర్చీలో, గడ్డం గీయకుండా, గుండె దగ్గర చింపిన చొక్కాతో కూర్చున్నాడు. నన్ను చూసి లేవలేదు. నేనూ పలకరించలేదు. షివా, అంటే వాళ్ళ ఏడు రోజుల సంతాపం, జరిగే ఇంట్లో ముందు మాట్లాడాల్సింది వాళ్ళే, మనం కాదు. మనకైతే గుమ్మంలోనే "ఎలా జరిగిందండీ?" అని మొదలుపెట్టకపోతే వచ్చినట్టే ఉండదు. ఆ పది నిమిషాలు నాకు భలే టెన్షన్.

చివరికి అతనే అన్నాడు: "ఖననం అయి ఇంటికి రాగానే మొదట పెట్టింది గుడ్లు, మసూర్ గింజలు. ఎందుకో తెలుసా? ఆ గింజకి నోరుండదు. దుఃఖంలో మాకూ ఉండదు."

"అమ్మగారు ఎలా ఉండేవారు?" అన్నాను. అంతే, అతను ఆగలేదు. తాళం వేసి, వీధి చివరిదాకా వెళ్ళి, వేశానా లేదా అని మూడుసార్లు వెనక్కి వచ్చేదట. గదంతా నవ్వింది. చావింట్లో నవ్వు చూసి నేను బిక్కమొహం వేశాను. బట్టీ పట్టినవి జేబులోనే ఉండిపోయాయి.

లేచేటప్పుడు "సీ యూ" అనబోయి నాలిక కరుచుకున్నాను. అలాంటి ఇంట్లో మనం "వెళ్ళొస్తా" అనం కదా! వాళ్ళకి మాత్రం సెలవు తీసుకోడానికి ఒక వాక్యం ఉంది: సీయోను, యెరూషలేముల కోసం దుఃఖించేవారందరితో పాటు మిమ్మల్నీ దేవుడు ఓదార్చుగాక. పెద్దాయన హీబ్రూలో అన్నాడు. నేను తల వంచి బయటికొచ్చాను.

రైల్లో ఉండగా మా ఆవిడ ఫోన్. "గ్యారేజీలోంచి రా. దేన్నీ ముట్టుకోకుండా నేరుగా బాత్రూంలోకి వెళ్ళు."

"వాళ్ళూ శ్మశానం నుంచి వచ్చాక లోపలికి రాకముందే చేతులు కడుక్కుంటారట" అన్నాను.

"చేతులు చాలవు. తలస్నానం."