గంటకు 18 సెకన్లు

ఆదివారం

పొద్దున్న 6.45కి రేడియోలో ప్రాంతీయ వార్తలు మొదలవగానే నాన్న తల తిప్పి గోడ వైపు చూశారు. "అమ్మాయ్, ఇవాళ పద్నాలుగు" అన్నారు. పాలగిన్నె కింద మంట తగ్గించి వచ్చి చూశాను. గడియారం 6.59 చూపిస్తోంది. నిన్న ఇదే వేళకు 6.52. శుక్రవారం పొద్దున్న వార్తలు మొదలయ్యే క్షణానికి సరిగ్గా కలిపి గోడకు తగిలించాను. అంటే రోజుకు ఏడేసి నిమిషాలు ముందుకు పోతోంది.

ఈ గడియారం నేను చేసిందే. రెండేళ్లుగా నాన్నకి చూపు బాగా మసకబారింది. మామూలు గోడ గడియారంలో ముళ్లు ఆనడం లేదు. ఫోన్‌ని అడిగితే టైమ్ చెబుతుంది కానీ ఆయనకది తృప్తిగా ఉండదు. ఏళ్ల తరబడి పోస్టాఫీసులో పనిచేసిన మనిషి. టపా సంచి ఎన్నింటికి కట్టాలో, బస్సుకి ఎన్నింటికి అందించాలో గడియారం చూసుకుంటూ బతికారు. తలెత్తితే టైమ్ కనబడాలి ఆయనకి. అందుకని రెండడుగుల ప్లైవుడ్ పలకకి తెల్లరంగు వేసి, పైన చిన్న వలయంలో గంటలు, కింద పెద్ద వలయంలో నిమిషాలు పెట్టాను. ముళ్లేమో ఫోమ్ బోర్డు కోసి నల్ల కాగితం అంటించినవి. నిమిషాల ముల్లు 22 సెంటీమీటర్లు. బజార్లో దొరికే గోడ గడియారం మెషిన్ అంత ముల్లుని తిప్పలేదు. పెట్టి చూశాను కూడా. ఆరు దాటాక పైకి ఎక్కలేక ఎనిమిది దగ్గర ఆగి కొట్టుకుంది.

అందుకే 28బీవైజే-48 అనే చిన్న స్టెప్పర్ మోటార్లు రెండు తెచ్చాను. ఒకటి గంటలకి, ఒకటి నిమిషాలకి. ఇంట్లో స్ప్లిట్ ఏసీ ఉన్నవాళ్లు ఇలాంటిది ఒకటి తెలియకుండానే వాడుతూ ఉండొచ్చు. గాలి రెక్కని పైకీ కిందికీ ఊపేది ఈ జాతి మోటారే, ఏసీ మెకానిక్‌లు స్వింగ్ మోటార్ అంటారు. వ్యాసం 28 మిల్లీమీటర్లు. నీలం, గులాబీ, పసుపు, నారింజ, ఎరుపు, అయిదు వైర్లు. దాన్ని నడపడానికి యూఎల్‌ఎన్2003 చిప్పున్న చిన్న డ్రైవర్ బోర్డు. కోఠీలో గుజరాతీ గల్లీకి వెళ్తే మోటారూ బోర్డూ కలిపి జత 150 రూపాయల లోపే వచ్చింది. ఇంత చవకలో ఇంత పని చేసే వస్తువు నాకు ఇంకొకటి తెలీదు. డేటాషీట్ (మోటారు కంపెనీ ఇచ్చే వివరాల పత్రం) లెక్కన, 10 సెంటీమీటర్ల ముల్లు చివర సుమారు 35 గ్రాముల బరువు పెట్టినా తిప్పగలదు. నా ముల్లు మొత్తం బరువు అంత లేదు.

మామూలు మోటారుకి కరెంటిస్తే తిరుగుతూ పోతుంది, ఎంత తిరిగిందో మనకు తెలీదు. స్టెప్పర్ అలా కాదు. లోపల నాలుగు కాయిల్స్. ఒకదాని తర్వాత ఒకదానికి కరెంటు అందిస్తుంటే అయస్కాంతం వాటి వెంటే కొద్దికొద్దిగా జరుగుతుంది. ఆ ఒక్కో జరుగుడే ఒక స్టెప్పు. ఎన్నిసార్లు అందించామో లెక్క ఉంచుకుంటే ముల్లు ఎక్కడుందో చెప్పొచ్చు. వరస తప్పితే మాత్రం కదలదు. మొదటి రాత్రి నా మోటారు గంటసేపు ఉన్నచోటే వణికింది. ఆర్డుయినో (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు)తో వచ్చే స్టెప్పర్ లైబ్రరీకి, అంటే మోటారు నడిపే రెడీమేడ్ కోడ్‌కి, పిన్నులు 1, 2, 3, 4 అని ఇస్తే కుదరదు, 1, 3, 2, 4 అని ఇవ్వాలి. ఈ మోటారు కొత్తగా పట్టుకున్న ప్రతివాళ్లకీ నేను ముందు చెప్పేది ఇదే.

రెండోది వేడి. ఒక్కో కాయిల్ 50 ఓమ్స్ దాకా ఉంటుంది, అయిదు వోల్టులకి వంద మిల్లీఆంపులు లాగుతుంది. కదలకపోయినా లాగుతూనే ఉంటుంది. ఒక పూట అలాగే వదిలేస్తే వేలు ఆనించలేనంత కాలింది. ఇప్పుడు ముల్లు నిమిషానికోసారి కదలగానే అన్ని కాయిల్స్‌కీ కరెంటు తీసేస్తున్నాను. మోటారు లోపలి గేర్ల బిగువే ముల్లుని పట్టి ఉంచుతుంది. ఆ గేర్లలోనూ కాస్త వదులు ఉంది, ముల్లు పన్నెండు దాటి కిందికి దిగేటప్పుడు అర నిమిషం మేర ముందుకు వాలేది. ముల్లు తోక దగ్గర రెండు నట్లు అంటించి బరువు సరిచేశాక అది పోయింది.

ఇన్ని చేసి కూడా ఈ ఏడు నిమిషాలు.

టిఫిన్ అయ్యాక లాప్‌టాప్ తగిలించాను. మొదటి అనుమానం టైమ్ చిప్ మీద. కానీ అది డీఎస్3231. దాని తేడా మామూలు ఉష్ణోగ్రతల్లో ఏడాదికి మహా అయితే ఒక నిమిషం చిల్లర. స్క్రీన్ మీద అది చెబుతున్న టైమ్, నా ఫోన్ టైమ్ ఒక్కటే. ఇక మిగిలింది మోటారు. చవక మోటారు కాబట్టి స్టెప్పులు తప్పుతోందని మా వారన్నారు. నేనూ ఒక నిమిషం అదే అనుకున్నాను. కానీ స్టెప్పులు తప్పితే గడియారం వెనకబడాలి. ముందుకెలా పోతుంది? పైగా మొదటి రోజు ఏడు, రెండో రోజు మళ్లీ ఏడు. స్టెప్పులు తప్పే మోటారు ఒకరోజు మూడు తప్పుతుంది, ఒకరోజు ముప్పై తప్పుతుంది. ఇంత నికరంగా ఉన్న తేడా లెక్కలోనే ఉండాలి. ఈ మాట అనుకోగానే నాకు ఆ మోటారు మీద జాలి వేసింది. రెండు రోజులుగా అది చెప్పిన పని చెప్పినట్టు చేస్తోంది, చెప్పడంలోనే ఏదో తేడా ఉంది.

నేను ప్రోగ్రాంలో రాసింది: ఒక చుట్టుకి 4,096 హాఫ్ స్టెప్పులు (ఈ మోటారుతో వేయించే అతి చిన్న అడుగులు). డేటాషీట్‌లో ఉన్నదే. లోపలి అయస్కాంతం ఒక చుట్టు తిరగడానికి 64 స్టెప్పులు, గేర్లు దాన్ని 64 రెట్లు తగ్గిస్తాయి, 64 ఇంటూ 64. ఇంత గుండ్రంగా ఉన్న సంఖ్య మీద ఎవరికి అనుమానం వస్తుంది?

అదృష్టం కొద్దీ ఒక మోటారు విప్పడానికి ఉంది. రెండింటికి తోడు స్పేరుగా ఒకటి తెచ్చుకుంటే అది 12 వోల్టులది అంటగట్టారు. బయటికి రెండూ ఒకేలా ఉంటాయి, రేకు మీద చిన్న అక్షరాల్లో వోల్టులు చూసుకోకపోతే అంతే. అయిదు వోల్టులకి అది నీరసంగా వణుకుతుంది తప్ప తిరగదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో అంచు రేకు లేపితే మూత ఊడొచ్చింది. లోపల తెల్లటి ప్లాస్టిక్ గేర్లు, వాటి మధ్య తేనెలా మెరుస్తూ గ్రీజు. ఒక్కోటీ పట్టకారుతో తీసి టీ సాసర్‌లో పెట్టాను. ఆరో తరగతి చదివే మావాడు పక్కకి వచ్చి కూర్చున్నాడు. మొదటి పన్ను మీద స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టి, గుండుసూదితో ఒక్కో పన్నూ తాకుతూ లెక్కపెట్టాం. పెద్ద గేరుకి నాకు 32 వచ్చింది, వాడికి 31. మళ్లీ లెక్కపెట్టాం. చివరికి తేలిందేమిటంటే ఇద్దరివీ వేరు వేరు గేర్లు. ఒకదానికి 32, ఇంకోదానికి 31 ఉన్నాయి.

మొత్తం నాలుగు జతలు: 9 పళ్లది 32ని తిప్పుతుంది, 11ది 22ని, 9ది 26ని, 10ది 31ని. పెద్ద పళ్లన్నీ హెచ్చించి, చిన్న పళ్ల హెచ్చింపుతో భాగించమని మావాడికి చెప్పాను. కాగితం నిండా గుణకారం చేసి 63.68 అన్నాడు. 64 కాదు!

దాన్ని 64తో హెచ్చిస్తే చుట్టుకి 4,075.77 స్టెప్పులు. నేను గంటకి 4,096 వేయిస్తున్నాను. దాదాపు ఇరవై స్టెప్పులు ఎక్కువ, అంటే గంటకు 18 సెకన్లు. ఇరవై నాలుగు గంటలకి సుమారు ఏడు నిమిషాల పది సెకన్లు. నాన్న మసక చూపుతో, రేడియో చెవిన పెట్టుకుని పట్టుకున్న తేడా సరిగ్గా అదే. ఆ కాగితం పట్టుకుని హాల్లోకి పరుగెత్తుకుంటూ వెళ్లి ఆయనకి చదివి వినిపించాను.

అయినా విప్పింది ఒక మోటారు, గోడ మీదున్నది ఇంకొకటి. ఈ పేరుతోనే వేరే గేర్లతో కూడా తయారవుతాయి. అందుకని గోడ మీదిదాన్నే అడిగాను. కరెంటు పోయి వస్తే ముల్లు ఎక్కడుందో ప్రోగ్రాంకి తెలీదు కాబట్టి, పన్నెండు దగ్గర ముల్లు వెనక చిన్న అయస్కాంతం, పలక మీద ఆ అయస్కాంతాన్ని పసిగట్టే హాల్ సెన్సర్ ముందే పెట్టి ఉన్నాయి. అయస్కాంతం నుంచి అయస్కాంతం దాకా పది చుట్లు తిప్పి స్టెప్పులు లెక్కపెట్టమన్నాను. 40,757. మళ్లీ, 40,759. ఇంకోసారి, 40,758. పదితో భాగిస్తే టీ సాసర్‌లోని పళ్లు చెప్పిన మాటే.

"ఆ మాగ్నెట్ దగ్గర గంటకోసారి సరిచేసుకుంటే పోయేది కదమ్మా" అన్నాడు మావాడు. అదీ ఒక దారే, గడియారం బాగానే నడిచేది. కానీ అలా చేసి ఉంటే ఈ పళ్ల సంగతి మాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

ఇక ఆ దశాంశం ఒకటి మిగిలింది. స్టెప్పుల్లో ముక్కలుండవు. 4,076 అని పెడితే నెలకు రెండున్నర నిమిషాలు ముందుకు పోతుంది. 4,075 అంటే ఎనిమిది నిమిషాలు వెనకబడుతుంది. ఇది పైకే అనుకుంటూ పప్పు తాలింపు వేస్తున్నాను. భోజనానికి కూర్చున్న నాన్న, "అధికమాసం వేసెయ్" అన్నారు.

నాకు ఒక క్షణం అర్థం కాలేదు. ఆయన ప్రతి ఉగాదికీ పంచాంగం చదివి లెక్కలు చూసుకునేవారు. చాంద్రమానానికి ఏడాదికి 354 రోజులు, సూర్యుడికి 365. ఏటా పదకొండు రోజులు మిగులుతాయి. ఆ మిగులుని పారేయరు, పక్కన పెడుతూ పోతారు. నెలంత కూడగానే ఒక మాసం ఎక్కువ వేస్తారు. 2023లో అధిక శ్రావణం వచ్చింది అలాగే. "నీ మిగులు కూడా పక్కన పెట్టుకుంటూ పో, నిండగానే ఒక అడుగు ఎక్కువ వెయ్యి" అన్నారు, ముద్ద కలుపుకుంటూ.

ఎడమచేత్తోనే కాగితం లాక్కున్నాను. గేర్ల పళ్లని భిన్నంగానే ఉంచితే గంటకి 4,075 పూర్తి స్టెప్పులు, పైన 405లో 313 వంతులు. గంటగంటకీ 313 కలుపుతూ, 405కి చేరితే ఒక స్టెప్పు ఎక్కువ వేసి 405 తీసేయాలి. తీసేయగా ఉన్నది మళ్లీ నిలవ. ముల్లు నిమిషానికోసారి కదులుతుంది కాబట్టి ప్రోగ్రాంలో అదే లెక్క నిమిషానికి రాశాను: 67 స్టెప్పులు, మిగులు 24,300లో 22,588. గంటల ముల్లుకి అందులో పన్నెండో వంతు. ఎక్కడా దశాంశం లేదు, ఏళ్ల తరబడి తిరిగినా పోగయ్యే తప్పు లేదు. ఆరు లైన్లు పట్టింది. ఆ లైన్ల పైన తెలుగులోనే "అధికమాసం" అని కామెంట్ రాసుకున్నాను.

మధ్యాహ్నం 2.30కి ఎక్కించి గడియారం కలిపాను. సాయంత్రం చుట్టాలొచ్చారు, పకోడీలు, కబుర్లు, వాళ్లు వెళ్లేసరికి తొమ్మిదిన్నర. అంట్లు సర్ది, ఫోన్ చేత్తో పట్టుకుని గడియారం ముందు నిలబడ్డాను. ఎనిమిది గంటలయింది కాబట్టి పాత లెక్కన అయితే ఈపాటికి రెండు నిమిషాలకు పైగా ముందుండాలి. ఫోన్‌లో 10.29. బోర్డు మీద లైట్లన్నీ ఆరి ఉన్నాయి. 10.30 పడింది. అదే క్షణంలో నాలుగు ఎర్ర చుక్కలూ గబగబా మెరిసి, 'జిర్' మని చిన్న చప్పుడుతో నల్లటి ముల్లు ఆరు మీదికి వచ్చి ఆగింది.

నాన్న పడుకున్నారనుకున్నాను. "ఎంతయింది?" అన్నారు చీకట్లోంచి.

"పదిన్నర నాన్నా. సరిగ్గా పదిన్నర. ఈ చప్పుడు నిద్ర చెడగొడుతోందా? నెమ్మదిగా కదిలేలా మార్చనా?"

"వద్దమ్మా, ఉండనీ. చూడకుండానే నిమిషం తెలుస్తోంది."

సాసర్‌లో గేర్లు లేవు. మావాడు గ్రీజు తుడిచి అగ్గిపెట్టెలో దాచుకున్నాడు, పైన పెన్సిల్‌తో 32, 22, 26, 31 అని రాసి.