స్కోపు కడగడం మాకు కొత్త కాదు, గౌను విప్పడమే కొత్త

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే మా ఎండోస్కోపీ (కెమెరా గొట్టంతో కడుపు లోపల చూసే) యూనిట్‌లో మామూలు అపాయింట్‌మెంట్లన్నీ వాయిదా వేసేశారు. రక్తపు వాంతులు, పిత్తనాళంలో రాయి అడ్డుపడి జ్వరం, గొంతులో ఏదైనా ఇరుక్కోవడం లాంటి అత్యవసర కేసులే తీసుకునేవాళ్లం. నేను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో టెక్నీషియన్‌ని. కొవిడ్ పేషెంట్లు గాంధీ ఆసుపత్రికి వెళ్తున్నారు కదా, మనకేం కాదులే అన్నవాళ్లూ మా స్టాఫ్‌లో ఉన్నారు. నోట్లోంచి గొట్టం వేస్తే ఎవరికైనా దగ్గో డోకో వస్తుంది. ఆ తుంపర్లు నేరుగా మా మొహం మీదకే. వాళ్లు పాజిటివో కాదో అప్పుడెవరికి తెలుసు?

స్కోపుల ద్వారా, అంటే ఆ గొట్టాల ద్వారా, అంటుతుందేమోనని చాలామంది భయపడ్డారు. నాకు మాత్రం ఆ టెన్షన్ లేదు. కరోనా చుట్టూ ఉండేది కొవ్వు పొర. అలాంటి వైరస్‌లు క్రిమిసంహారకాలకు తేలిగ్గా లొంగుతాయి. కేసు అవగానే స్కోపుతో ఎంజైమ్ ద్రావణం పీల్పించడం, ఎక్కడైనా చిల్లు పడిందేమో చూసే లీక్ టెస్ట్, ఛానెళ్లలో (గొట్టం లోపలి సన్నని దారుల్లో) బ్రష్, గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారకంలో 20 నిమిషాలు, మళ్లీ శుభ్రమైన నీళ్లు, ఆల్కహాల్, ఆరబెట్టి నిలువుగా వేలాడదీయడం... ఇవన్నీ ఎప్పుడూ చేసేవే. కాకపోతే బ్రష్ తిప్పేటప్పుడు నీళ్లు చిందుతాయి కాబట్టి కడిగే గదిలోనూ ఎన్95, షీల్డు తప్పనిసరి చేశారు.

చిక్కంతా గాలితోనే. మా గదిలో ఉన్నది స్ప్లిట్ ఏసీ. అది లోపలి గాలినే మళ్లీ మళ్లీ తిప్పుతుంది. గంటకు 12 సార్లు గాలి మారే గదిలో తుంపర్లు 99.9 శాతం పోవడానికి 35 నిమిషాలు పడుతుంది, 6 సార్లయితే 69 నిమిషాలు. మా గదికి ఆ లెక్కే లేదు. ఏసీ ఆపి, గాలి బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించి, కేసుకీ కేసుకీ మధ్య గంటకు పైగా ఖాళీ వదిలేవాళ్లం. మే నెల ఎండలో ఏసీ లేకుండా పీపీఈ కిట్ వేసుకోవడం ఎలా ఉంటుందో వేసుకున్నవాళ్లకే తెలుసు. గ్లోవ్స్ తీస్తే వేళ్లు నానిపోయి ఉండేవి.

ఒక రాత్రి రక్తం కక్కుతున్న పెద్దాయన్ని తీసుకొచ్చారు. "రిపోర్టు వచ్చేదాకా ఆగాలా సిస్టర్?" అని కొడుకు ఏడుపు మొహంతో అడుగుతున్నాడు. ఆగలేదు. పాజిటివ్ అనుకునే మొదలుపెట్టాం. గదిలో డాక్టర్‌గారు, సిస్టర్, నేను, అంతే. నేర్చుకునే పిల్లలెవర్నీ రానివ్వలేదు. దగ్గు తెప్పిస్తుందని గొంతులో స్ప్రే కొట్టడం కూడా మానేశాం. ఛానెల్ మూత దగ్గర చిన్న చుక్క ఎగిరినా ఎగురుతుంది కాబట్టి పరికరం లోపలికి పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ అక్కడ గాజుగుడ్డ అడ్డం పట్టాను. రక్తం కారే నాళాలకు రబ్బరు బ్యాండ్లు వేశాక రక్తం ఆగింది.

తర్వాత కిట్ విప్పాలి. అప్పటికి ఒళ్లు అలిసిపోయి ఉంటుంది, ఎప్పుడెప్పుడు పీకి పారేద్దామా అనిపిస్తుంది. అంటుకునేది సరిగ్గా అప్పుడే. అందుకే తలుపు అవతల ఒకరు నిలబడి చెప్పేవాళ్లు: "అన్నా, ఆగు. గౌను లోపలి వైపు బయటికి వచ్చేలా చుట్టు. చేతులు రుద్దుకో. ఇప్పుడు షీల్డు." మాస్కు అన్నిటికన్నా చివర, అదీ గది దాటాక, వెనక తాళ్లు పట్టుకుని. ముందు వైపు ముట్టుకుంటే కేకలే.

ఇంత చేసి టీ గదిలో మాస్కులు దించి పక్కపక్కనే కూర్చుంటే ఏం లాభం? నా దృష్టిలో ప్రొసీజర్ గది కన్నా ఆ టీ గదే ప్రమాదం. ఒక్కొక్కళ్లే వెళ్లి తాగి రావాలని రూల్ పెడితే మొదట్లో అందరూ గొణిగారు.

కొన్నాళ్లకు మామూలు కేసులు మొదలయ్యాయి. ఆర్‌టీపీసీఆర్ కొవిడ్ టెస్ట్ రిపోర్టు ఉంటేనే లోపలికి. ఇక కౌంటర్ దగ్గర రోజూ గొడవే. పెద్దపేగు లోపల చూసే కొలనోస్కోపీ కోసం రాత్రంతా పేగు ఖాళీ చేసే మందు తాగి, బాత్రూమ్‌కి తిరిగి, నీరసంగా వచ్చిన మనిషిని రిపోర్టు లేదని వెనక్కి పంపితే ఎందుకు ఊరుకుంటాడు? చివరికి రిపోర్టు చేతికొచ్చాకే మందు రాసివ్వడం మొదలుపెట్టారు.