నాన్న సన్మానంలో చెప్పలేకపోయిన రెండు ముక్కలు

నాన్న రిటైర్మెంట్ ఫంక్షన్‌కి స్కూల్ గ్రౌండ్‌లోనే షామియానా వేశారు, దండలు శాలువాలు అన్నీ అయ్యాక మైకులో "ఇప్పుడు సార్ వాళ్ళమ్మాయి రెండు ముక్కలు మాట్లాడుతుంది" అన్నారు. వారం రోజులుగా రాసుకుంటూనే ఉన్నా, నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతిలోనే ఉంది. మైకు దాకా నడిచేసరికి నాలుక పిడచగట్టుకుపోయింది, కాగితం విప్పితే చెమటకి ఇంకు అలుక్కుపోయి మా ఊరి పేరు తప్ప ఏదీ సరిగ్గా కనపడట్లేదు. "మా నాన్న" అని ఆగిపోయా. దండం పెట్టి వచ్చేశా. 34 ఏళ్ళు పాఠాలు చెప్పిన మనిషి గురించి కూతురు చెప్పింది అంతే, ఆ బాధ ఇప్పటికీ ఉంది నాకు.

ఆ తర్వాత ఈ భయం గురించి ఏది దొరికితే అది చదివా. జర్మనీలో ట్రియర్ యూనివర్సిటీ వాళ్ళు 1993లో ఒక టెస్ట్ పద్ధతి పబ్లిష్ చేశారు, మనిషికి ల్యాబ్‌లో స్ట్రెస్ తెప్పించడానికి. షాకులూ అవీ ఏం లేవు, మొహంలో ఏ భావం చూపించని కొంతమంది ముందు నిలబెట్టి 5 నిమిషాలు మాట్లాడమంటారు, తర్వాత ఇంకో 5 నిమిషాలు 1022 లోంచి 13 చొప్పున తీసేస్తూ పైకి లెక్క చెప్పమంటారు, అంతే, చాలామందికి కార్టిసాల్ అనే స్ట్రెస్ హార్మోన్ పెరిగిపోతుంది, గుండె దడదడలాడుతుంది. ఇది చదివాక నాకు ముందు వరుసలో కూర్చున్న ఆఫీసర్ల మొహాలు గుర్తొచ్చాయి. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు పాపం, ఎండకి అలా కూర్చున్నారు. కానీ అవే మాటలు వంటింట్లో అమ్మ ముందు ఎన్నిసార్లు చెప్పలేదు, అంటే భయం మాటలంటే కాదు, అవతలి నుంచి ఏ జవాబూ రాని మొహాలంటే.

ఇంకోటి, సావిట్స్కీ, గిలోవిచ్ అని ఇద్దరు సైకాలజిస్టులు 2003లో చూపించింది, మన లోపలి కంగారు బయటికి మనం అనుకున్నంత కనపడదంట. ఆ సంగతి ముందే చెప్పి మాట్లాడిస్తే ఇంకా బాగా మాట్లాడారంట. నాకు నమ్మకం కుదరక మొన్న పిన్నిని అడిగా, ఆరోజు నా చేతులు అంతలా వణికాయి కదా అని.

"వణకడమేంటే? నాన్న మీద ప్రేమతో గొంతు పూడుకుపోయిందనుకున్నాం అందరం" అంది.

ఇన్నేళ్ళూ ఇది ఎవర్నీ అడగలేదు నేను.

వచ్చే నెల నాన్న 70వ పుట్టినరోజు, ఈసారి కాగితం లేదు, మూడే మూడు సంగతులు అనుకున్నా. పిన్నిని ముందు వరుసలో కూర్చోమన్నా, నావైపే చూస్తూ తల ఊపుతూ ఉండమని.