చిన్న తాతయ్య తవ్వించిన బావి

ఏడాదిన్నరగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. పొద్దున ఎస్సిటాలోప్రామ్ 10, రాత్రి మిర్టజాపిన్ 15. ఏడుపు ఆగింది, అన్నం సహిస్తోంది. మత్తు మాత్రం వదల్లేదు. నాది మెడికల్ కోడింగ్ ఉద్యోగం, పేషెంట్ల చార్టులు చదివి జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే పని. చార్టులో ఒకే లైను నాలుగుసార్లు చదివేదాన్ని. ఒకరోజు మెట్రోలో కూకట్‌పల్లిలో దిగాల్సినదాన్ని మియాపూర్‌లో సెక్యూరిటీ ఆవిడ తట్టి లేపింది.

డాక్టరుగారు థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించారు, గురక పెడతానా అని అడిగారు. ఆఖరికి మోడాఫినిల్ 100 రాశారు. "ఇది డిప్రెషన్ మందు కాదమ్మా. పగలే ఆపుకోలేని నిద్ర ముంచుకొచ్చే నార్కోలెప్సీకి, నైట్ షిఫ్టుల వాళ్ళ మత్తుకి ఇచ్చేది. కొన్నాళ్ళు చూద్దాం" అన్నారు. పీసీఓడీకి, అదే నెలసరి సమస్యకి, నేను వాడే గర్భనిరోధక మాత్రల పేరు అడిగి రాసుకున్నారు. మోడాఫినిల్ వాటి పనితనాన్ని తగ్గిస్తుందట, మానేశాక కూడా ఒక నెల జాగ్రత్తగా ఉండాలట. ఇంకో ప్రశ్న కూడా అడిగారు: "మీ వాళ్ళలో ఎవరైనా నిద్ర లేకుండా హుషారుగా తిరుగుతూ, డబ్బు నీళ్ళలా ఖర్చుపెట్టిన రోజులున్నాయా?"

"లేరండీ" అన్నాను. మా ఇంట్లో అందరూ పిసినార్లే.

మందుల షాపు కుర్రాడు చీటీ చూసి "గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నారా అక్కా?" అన్నాడు. ముప్ఫై ఆరేళ్ళ మనిషిని, ఆ మాటకి సంతోషించానని ఒప్పుకుంటాను.

కాఫీ తాగితే వచ్చే ఊపు కాదిది. కరెంటు పోయి ఫ్రిజ్ చప్పుడు ఆగాకే అంతసేపూ అది మోగుతోందని తెలుస్తుంది చూడండి, మత్తు సంగతీ అంతే. పోయాకే ఎంత ఉండేదో తెలిసింది.

రెండో వారంలో ఒక ఆదివారం తొమ్మిదింటికి అమ్మ పంపిన చింతపండు ముందేసుకుని గింజలు తీయడానికి కూర్చున్నాను. మూడు దాటాక చూస్తే నాలుగు కిలోలూ అయిపోయాయి. ఈనె కూడా మిగల్లేదు. గోళ్ళ సందుల్లో మంట. అన్నం తినలేదన్న సంగతే గుర్తు లేదు. ఆ ఆరు గంటలూ రెండేళ్ళ కిందట మా ఆడపడుచు అన్న ఒకే ఒక్క మాటకి జవాబులు తయారు చేస్తూ కూర్చున్నాను. మెలకువైతే వచ్చింది, దాన్ని వాడుకున్నది మాత్రం నా దిగులే.

ఇంకోరోజు ఆలస్యంగా లేచి, పదకొండున్నరకి వేసుకున్నాను. తప్పు నాదే. ఒంట్లో సగం తగ్గడానికే పన్నెండు, పదిహేను గంటలు పట్టే మందది. తెల్లవారుజామున మూడున్నరదాకా ఫ్యాను రెక్కలు చూస్తూ పడుకున్నాను.

ఇదంతా ఫోన్లో చెబితే అమ్మ నవ్వింది. "మీ చిన్న తాతయ్యలా తయారయ్యావేంటే?"

ఆయన పదకొండు రాత్రులు నిద్రపోకుండా, లాంతర్లు పెట్టించి బావి తవ్వించాడట. కూలీలకివ్వడానికి చిన్న నాయనమ్మ గాజులు అమ్మేశాడట. తర్వాత సంక్రాంతి దాకా మంచం దిగలేదట. ఇంట్లో అందరూ గాలి సోకిందన్నారు. అందుకే డాక్టరుగారు అడిగినప్పుడు ఆయన నాకు గుర్తు రాలేదు. మా లెక్కలో అది జబ్బు కాదు, కథ.

వెంటనే డాక్టరుగారికి ఫోన్ చేశాను. "రేపటి నుంచి మోడాఫినిల్ ఆపెయ్యండి, వచ్చి కనిపించండి" అన్నారు. తాతయ్యది బైపోలార్, అంటే విపరీతమైన హుషారూ దిగులూ మారి మారి వచ్చే జబ్బు అయ్యుండొచ్చట. అది వంశంలో ఉంటే ఈ మందు ఆ హుషారుని రేపొచ్చట. వెళ్ళాక ఒక్కటే గుచ్చి గుచ్చి అడిగారు: "నిద్ర రాక అవస్థ పడుతున్నారా, అసలు నిద్రే అక్కర్లేదనిపిస్తోందా?" అవస్థే పడుతున్నానని చెప్పాను. ఆవిడ మొహం కాస్త తేలికపడింది. అయినా రెండు వారాలు ఆపి చూశారు. మిర్టజాపిన్‌ని రాత్రి పదకొండు నుంచి ఎనిమిదింటికి జరిపారు. దాంతోనే పొద్దుటి మత్తు సగం పోయింది. ఇప్పుడు మోడాఫినిల్ సగం మాత్ర, ఆఫీసు ఉన్న రోజుల్లోనే, పొద్దున ఎనిమిది లోపు. నిద్ర గంటలు నోట్‌బుక్‌లో రాస్తున్నాను. అమ్మ నంబరు కూడా ఆవిడ ఫైల్లో రాసుకున్నారు, నాకు తెలియకుండా నేను మారిపోతే చెప్పడానికి.

ఆఫీసులో పక్క సీటమ్మాయి "ఆడిట్ ఉందక్కా, రెండు మాత్రలివ్వవా" అని అడిగింది. ఇవ్వలేదు. తను రెండ్రోజులు నాతో మాట్లాడలేదు.

మొన్న అమ్మని అడిగాను, ఇంతకీ ఆ బావిలో నీళ్ళు పడ్డాయా అని.

"పడ్డాయి. ఉప్పునీళ్ళు. గేదెలు కూడా ముట్టలేదు" అంది.