చలి ముదరకముందే 43 కోళ్లని 24కి దించినం

పోయినేడు మార్గశిరంల మా ఇంట్ల పది రోజుల్ల 31 కోళ్లు పోయినయ్. పొద్దుగాల షెడ్డు తలుపు తీస్తే రెండు, మళ్ల పొద్దుమీకి మూడు, ఇట్ల. ముందు ఆకుపచ్చగ పలచగ రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీసుకునుడు, ఆఖరికి మెడ వంకర తిరిగి అక్కడే పడిపోవుడు. కొక్కెర తెగులు అని పశువుల డాక్టర్ చూడంగనే చెప్పిండు. అప్పటికే వచ్చినదానికి మందు లేదు. గుంత తీసి సున్నం వేసి పూడ్చినం, అత్తమ్మ రెండు రోజులు అన్నం సరిగ్గ తినలే.

ఎట్ల వచ్చిందో ఇప్పుడు నాకు బాగనే అర్థమైంది. అంగడికి తొమ్మిది పుంజులు తీస్కపోయినం, ఐదే అమ్ముడుపోయినయ్, మిగిలిన నాలుగింటిని తిరిగి అదే గంపల ఇంటికి తెచ్చి ఆ రాత్రే అన్నింటితో కలిపి షెడ్డుల వేసినం. అంగట్ల పది ఊర్ల కోళ్లు ఒక్కకాడ ఉంటయ్, కొందరు జబ్బు మొదలైనయ్ కూడ ఎట్లన్న అమ్ముకుందామని తెస్తరు. వారం తిరిగేసరికి మొదలైంది. అందుకే గట్టిగ చెప్తున్న, అంగడికి పోయిన కోడిని తిరిగి ఇంటికి తేవొద్దు, తగ్గించైనా అమ్మెయ్యాలె, లేదంటే తెచ్చినంక రెండు మూడు వారాలు దూరంగ వేరే గంప కింద పెట్టి వేరే గిన్నెల నీళ్లు పెట్టాలె.

కానీ ఒక్క అంగడి మీదనే తప్పు నెట్టెయ్యలేను, షెడ్డు కిక్కిరిసి ఉండె. మాది ఆదిలాబాద్ వైపు, డిసెంబర్ల రాత్రిపూట పది డిగ్రీల లోపుకి పడిపోతది. ఎక్కువ కోళ్లుంటే ఒకదానికొకటి వెచ్చగ ఉంటయని అత్తమ్మ అంటుండె, నేను కూడ అదే అనుకున్న, పైంగ గాలి రావొద్దని గోనె సంచులతోని అన్ని సందులు మూసేసినం. తెల్లారి తలుపు తీస్తే కండ్లు మండే వాసన, కింద ఊక తడి తడి. ఈకలు నిండుగ వచ్చిన పెద్ద కోడికి మా చలి అంత పెద్ద లెక్క కాదు, తడిగాలి, రెట్ట వాసన, ఇరుకు, ఇవే దాన్ని తినేస్తయ్. ఒక్కదానికి వచ్చిన తెగులు ఆ ఇరుకుల తెల్లారేసరికి అన్నింటికి అంటుకుంటది. ఈసారి కింద సంచులు కట్టినం గాని కప్పు కింద జానెడు జాలి చుట్టూ వదిలేసినం.

ఇగ లెక్క. మా షెడ్డు 8 అడుగులు 6 అడుగులు, అంటే 48 చదరపు అడుగులు. ఒక్క పెద్ద కోడికి రాత్రిపూట రెండు చదరపు అడుగులన్న ఉండాలె, అంటే 24. మిగిలిన కోళ్లతోని, ఆ తర్వాత పొదిగించిన పిల్లలతోని ఈ వానకాలం అయ్యేసరికి మళ్ల 43 అయినయ్, పెట్టలు 17, పెద్ద పుంజులు 5, ఎదుగుతున్నయ్ 21. అంటే 19 పోవాలె.

ఎప్పుడు అమ్మాలనేది ఇంకో సంగతి. మా దిక్కు దసరాకి కోడి కొయ్యని ఇల్లు తక్కువ, దీపావళి దాటితే కార్తీకం, సగం మంది ముక్క ముట్టరు, అప్పుడు బేరం పడిపోతది, కార్తీకం అయిపోయేసరికి చలి వచ్చేసి ఉంటది. ఇగ సంక్రాంతికి మంచి ధర వస్తదని ఆగితే మధ్యల తెగులు కాలం మొత్తం ఆ గుంపునంత కాపాడుకోవాలె, పోయినేడు మేం చేసింది అదే. ఈసారి, అంటే 2025ల, దసరా అక్టోబర్ 2న గాంధీ జయంతి నాడే పడ్డది, ఆ రోజు మాంసం అమ్మకం బంద్, కాబట్టి అందరు ముందు రోజుల్లనే కొనుక్కున్నరు, మేం అంగడికి పోనేలేదు, ఇంటికాడికే వచ్చి తీస్కపోయిన్రు. పెద్ద పుంజులు 3, ఎదిగే పుంజులు 6 అట్ల పోయినయ్. రెండు పుంజులు చాలు, పది పెట్టలకి ఒకటి సరిపోతది, ఎక్కువుంటే కొట్లాటలే, పెట్టల ఈపు మీద ఈకలు కూడ ఉండనియ్యవు. ఇంకో మూడు చిన్న పుంజులు మాత్రం 2026 జనవరి చివర్ల మేడారం జాతర ఉంది కదా, తల్లులకి మొక్కు ఉంది, అవి అమ్మేటియి కావు.

పెట్టల దగ్గర ఆలోచించాల్సి వచ్చింది. గుడ్లు ఆగిపోయినంక చూసి ఏరుదామంటే తప్పు, ఎందుకంటే డిసెంబర్ల పగలు 11 గంటలే, పెట్ట మంచిగ గుడ్లు పెట్టాలంటే 14 గంటల దాకా వెలుతురు కావాలె, అప్పుడు మంచి పెట్ట కూడ తగ్గించేస్తది. అందుకే భాద్రపదంలనే చూసిన. రాత్రి టార్చి పట్టుకుని ఒక్కొక్కదాన్ని నెమ్మదిగ చేతుల్లకి తీస్కుని గుడ్డు పెట్టే తావుకి రెండు పక్కల ఉండే ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడాలె, రెండు మూడు వేళ్లు పడితే గుడ్లు పెడుతున్నట్టు, ఒక్క వేలు కూడ పట్టకుంటే ఆగినట్టు. తురాయి ఎర్రగ నిండుగ ఉందా, రొమ్ము ఎముక కత్తి లెక్క తగులుతుందా అనేది కూడ. ఈకలు రాలుస్తున్నదాన్ని మాత్రం తొందరపడి తీసెయ్యొద్దు, కొత్త ఈకలు వచ్చినంక మళ్ల మొదలుపెడతది. అట్ల 5 ముసలి పెట్టలు తేలినయ్. ఎదిగే పెట్టలు 12ల మంచియి 7 ఉంచుకుని, 5 మా ఆడబిడ్డకి పెంచుకోనీకి ఇచ్చిన.

అయితే ఆ 17ల నల్ల పెట్ట కూడ ఉంది, పోయినేడు తెగులుల బతికి బయటపడ్డది. నాలుగేండ్లు నిండినయ్, వేళ్ల లెక్క ప్రకారం అదే ముందు పోవాలె. అత్తమ్మ మాత్రం "అంత కష్టంల నిలబడ్డదాన్ని ఎట్ల పంపుతవ్ బిడ్డా" అని అడిగింది. నా దగ్గర జవాబు లేకుండె. ఇంకా అది పిల్లల్ని పొదిగి సాకుడుల గట్టిది, గద్ద నీడ పడితే అన్నింటికంటె ముందు అరిచేది అదే. దాన్ని ఉంచి ఇంకోదాన్ని ఇచ్చినం, నాకు ఏం బాధ లేదు.

అమ్మేటియి అమ్మినంకనే కొక్కెర తెగులు టీకా వేయించినం, ఎందుకంటే టీకా వేసినంక మూడు వారాలు కొయ్యొద్దు అంటరు. పిల్లలప్పుడే మొదటి వారంల కంట్లో లసోటా అనే టీకా చుక్క వేసినం, ఇప్పుడు అన్నింటికి రెక్క కింద అదే తెగులుకి ఇంకో టీకా, ఆర్‌టూబీ సూది. 100 కోళ్ల సీసా వస్తది, కలిపినంక ఐస్‌ల పెట్టి గంట రెండు గంటల్ల అయిపోగొట్టాలె, అందుకే నాలుగిండ్లోళ్లం కలిసి ఒకే పొద్దున వేయించుకున్నం. ఇది నాకు అన్నింటికంటె తృప్తి ఇచ్చిన పని. పక్కింటి కోళ్లకి టీకా లేకుంటే మన వాకిట్ల తిరిగేటియి కూడ అవే కదా.

వినాయక చవితి దాటినంక గుడ్లు పొదగేయలే. మేమంత పత్తి ఏరనీకి పొద్దున పోతే సాయంత్రమే వస్తం, చిన్న పిల్లల్ని ముంగిస నుంచి, చలి నుంచి చూసేటోళ్లు ఇంట్ల లేరు. ఇంకోటి, వానకాలంల పురుగు, మిడత, చెదలు దండిగ దొరుకుతయ్, ఇప్పుడు గడ్డి ఎండిపోయి అవి తగ్గినయ్, చేత్తోని జొన్నలు, మక్క నూకలు వేయాలె. ఒక్కదానికి 50 గ్రాములు అనుకున్నా 43కి రోజుకి రెండు కిలోల పైన, 24కి కిలో పావు లోపే.

నిన్న రాత్రి షెడ్డుల లైటు వేసి చూస్తే కర్రల మీద అన్నింటికి కూర్చోనీకి చోటు దొరికింది, ఇంకా ఒక మూల ఖాళీగ ఉంది. పొద్దున ఊక చేతుల పట్టి పిండి చూసిన, పొడిగ రాలింది. పత్తి ఇంకో రెండు చాళ్లు ఏరినంక మిల్లు నుంచి రెండు సంచుల ఊక తేవాలె, ఈ నెలాఖరుకి కింది ఊక మొత్తం తీసి మార్చాలె.