గోరింకలు ఖాళీ చేశాక

సెప్టెంబర్ చివరి ఆదివారం

తమిళుల పెరటాసి నెల కదా, తమిళనాడు నుంచి కొండకొచ్చే బస్సులతో తిరుపతి కిక్కిరిసిపోయింది. లీలామహల్ సర్కిల్ దాటి హార్డ్‌వేర్ షాపుకు పోయి రావడానికే పొద్దున సగం అయిపోయింది. కొన్నది అర అంగుళం గడి ఉండే జీఐ వెల్డ్ మెష్ (జింకు పూత ఇనుప వల), కొంచెం బైండింగ్ వైరు, అంతే. "కోళ్ల మెష్ చాలు కదక్కా, తక్కువలో వస్తుంది" అన్నాడు షాపతను. దాని కన్నాలు పెద్దవి, తీగ సన్నం. తుప్పు పట్టాక వేలితో లాగినా ఊడొస్తుంది. వద్దన్నాను.

ఇదంతా మిద్దె మీద రేకుల షెడ్డుకున్న గట్టర్ కోసం, అదే, రేకుల అంచున వాననీళ్లు పట్టే కాలువ. మన తిరుపతిలో గట్టర్‌కు అసలు పని పడేది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, ఈశాన్య రుతుపవనాల్లోనే. మిగతా నెలల్లో సాయంత్రం వచ్చిపోయే జల్లులు తప్ప ఊరికే పడి ఉంటుంది. పైన రేకు నీడ, పిల్లికి అందనంత ఎత్తు. గోరింకకు ఇంకేం కావాలి? అద్దె, అడ్వాన్సు లేని ఇల్లు.

ఎండాకాలంలో ఒక జంట దిగింది. పొద్దున్నే మొదలుపెట్టేవి గోల. మా ఆయన అప్పుడే తీసిపారేద్దామన్నాడు. ఫోన్ పైకెత్తి ఫోటో తీసి చూస్తే లేత నీలం గుడ్లు. ఇక దాన్నెవరు ముట్టుకుంటారు! గోరింక గుడ్లు పొదగడానికి 17, 18 రోజులు, పిల్లలు ఎగిరిపోవడానికి ఇంకో 22 నుంచి 24 రోజులు పడుతుంది. అవి పోగానే అదే గూట్లో మళ్లీ గుడ్లు పెట్టినా పెడుతుంది. అందుకే ఇన్నాళ్లు ఆగాను. ఏ మెష్ కొన్నాం, ఎంతకు కొన్నాం అన్నది తర్వాత సంగతి, ముందు ఎప్పుడు కట్టామన్నది చూసుకోవాలి. పిల్లలు లోపలుండగా మూసేస్తే తల్లి బయట అరుస్తుంటుంది, అవి లోపల చచ్చిపోతాయి, ఆ వాసన మనమే భరించాలి. పిల్లలు ఎగిరిపోయాక, పెద్ద వానలు రాకముందు దొరికే ఈ కొద్ది వారాలే దీనికి అదును.

నిచ్చెన ఎక్కడానికి తెలిసిన కుర్రాడు వచ్చాడు. ముక్కుకు మాస్క్ కట్టుకోమని, గూటి మీద ముందు నీళ్లు చల్లించాను. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఆ తర్వాత ఒక్కొక్కటే బయటికొచ్చాయి. ఎండుగడ్డి, వేప పుల్లలు, సిమెంట్ గోతం దారాలు, లడ్డూ కవర్ ముక్క, చాక్లెట్ చుట్టిన వెండిరంగు కాగితం. చివర్లో "అక్కా, పాము!" అని అరిచాడు. నిచ్చెన ఊగింది, నా గుండె కూడా.

పాము కాదు, కుబుసం. జానెడు ముక్క, పొలుసుల గీతలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. గోరింకలకు అదొక అలవాటు, ఎక్కడ దొరికినా తెచ్చి గూట్లో పరుచుకుంటాయి. అత్తమ్మ కింద నుంచే "శేషాచలం కింద కాపురముంటా కుబుసానికి భయపడితే ఎట్లప్పా?" అంది. కుర్రాడు సిగ్గుపడి పనిలో పడ్డాడు.

గట్టర్ నీళ్లు కిందికి దిగే పైపు మూతి దగ్గర మెష్‌ను బంతిలా చుట్టి, కన్నం కంటే కాస్త పెద్దగా చేసి బిగించాం. గట్టర్ పొడవునా మెష్ పరిచి బైండింగ్ వైరుతో కట్టాం. ఎక్కువ సేపు పట్టింది రేకు వంపుల దగ్గర. ఒక్కో వంపు కింద పక్షి దూరేంత సందు, దేనికి దానికి ముక్క కత్తిరించాలి. అక్కడ వదిలేస్తే మిగతాదంతా కట్టినా దండగే.

అత్తమ్మకు మాత్రం మనసొప్పలేదు. గూడు చెరిపిన పాపం మనకెందుకంటుంది. కార్తీకంలో వాన దంచితే గట్టర్‌లోని గూడు గూడుగా ఉంటుందా అన్నాను. 2021 నవంబర్‌లో ఊరు నీళ్లలో ఉన్నప్పుడు చెత్త అడ్డుపడి మా గట్టర్ పొంగింది, రేకుల నీళ్లన్నీ గోడ మీదుగా దిగాయి. బెడ్‌రూమ్ గోడ చెమ్మ సంక్రాంతికి కూడా ఆరలేదు. అది ఆమెకూ గుర్తే. "అయితే వాటికొక పెట్టె కొట్టించు" అంది. గోరింకకా! నోరున్న పక్షి, ఎక్కడైనా బతుకుతుంది. పెట్టేదుంటే పిచ్చుకలకు పెడతాను, కన్నం అంగుళంపావు మించకుండా. అంతైతే గోరింక దూరలేదు.

చివరగా రెండు బిందెల నీళ్లు పోసి చూశాం, ఆగకుండా దిగాయి. వేపాకు మెష్ మీద పడుతూనే ఉంటుంది, అప్పుడప్పుడు చీపురుతో ఊడ్చుకోక తప్పదు.

మిగిలిన మెష్ ముక్క పక్కింటావిడ అడిగింది, ఇచ్చేశాను. వాళ్లు పావురాల కోసం ఏసీ దగ్గర పాత సీడీలు వేలాడదీశారు. రెండు రోజులు బెదిరాయేమో, ఇప్పుడు ఆ మెరుపు పక్కనే కూర్చుని కునుకు తీస్తున్నాయి. ఒకటి గుడ్ల మీద ఉంది కూడా. ఆ మెష్ వాళ్ల ఇంట్లో ఇంకో నెలన్నర అటక మీదే ఉండాలి.